అప్‌డేట్: ర్యామ్ వేశాక డిస్‌ప్లే రాకపోవడం, ల్యాన్ స్పీడ్ 94 దాటకపోవడం, రెండూ తేలాయి

పోయిన నెల ఈ రెండు సమస్యల గురించి ఇక్కడ అడిగింది నేనే. కంప్యూటర్లో ఉన్న 8 జీబీ ర్యామ్‌కి తోడు ఇంకో 8 జీబీ డీడీఆర్4 (ర్యామ్‌లో ఒక రకం) స్టిక్ వేస్తే ఫ్యాన్లు తిరిగేవి, స్క్రీన్ నల్లగానే ఉండేది. పైగా కొత్త రౌటర్ పెట్టినా 200 ఎంబీపీఎస్ ప్లాన్‌కి ల్యాన్ కేబుల్ (రౌటర్ నుంచి కంప్యూటర్‌కి వచ్చే నెట్ వైరు) మీద స్పీడ్ 94 దగ్గరే ఆగేది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

"స్టిక్ సరిగ్గా కూర్చోలేదేమో" అన్నదే నిజమైంది. మదర్‌బోర్డు విరుగుతుందేమోనని భయపడి మెల్లగా నొక్కాను. నా బోర్డులో స్లాట్‌కి ఒకవైపే క్లిప్. రెండోవైపు కొస కాస్త లేచి ఉంది, కంటికి ఆనలేదు. ప్లగ్ పీకేసి, టక్‌మనేదాకా నొక్కితే వెంటనే డిస్‌ప్లే వచ్చింది. అంతకుముందు స్టిక్‌ని రబ్బరుతో రుద్దడం, బయాస్ (ఆన్ చేయగానే ముందు నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఏమీ పని చేయలేదు. పవర్ సప్లై కొనేసేవాణ్ణే, ఆగి బతికిపోయాను. రెండు స్టిక్‌ల కంపెనీలు వేరైనా ఇబ్బంది లేదు. కాకపోతే కొత్తదాని స్పీడ్ 3200, పాతదానిది 2666 కాబట్టి రెండూ 2666లోనే నడుస్తున్నాయి.

ల్యాన్ విషయంలో రౌటర్‌ని అనవసరంగా తిట్టుకున్నాను. టెక్నీషియన్ టెస్టర్ పెట్టి చూస్తే, గోడలోంచి వచ్చిన కేబుల్ చివర 8 తీగల్లో 4 మాత్రమే కనెక్టర్‌లో ఉన్నాయి. ఇల్లు కట్టినప్పుడు ఎవరో అలా కానిచ్చేశారు. 100 ఎంబీపీఎస్‌కి రెండు జతల తీగలు చాలు, గిగాబిట్‌కి (అంటే 1 జీబీపీఎస్, 1000 ఎంబీపీఎస్) నాలుగు జతలూ కావాలట. మిగతా తీగలు లోపల మడిచే ఉన్నాయి, అదృష్టం. రెండు చివర్లా కొత్త ఆర్‌జే45 కనెక్టర్లు (ల్యాన్ కేబుల్ చివరుండే ప్లగ్గులు) వేశాడు. ఇప్పుడు కంప్యూటర్లో నెట్‌వర్క్ అడాప్టర్ స్టేటస్‌లో 1 జీబీపీఎస్ అని చూపిస్తోంది, స్పీడ్ టెస్టులో 200 వస్తోంది. మీకూ సరిగ్గా 90ల్లో ఆగుతుంటే ముందు కేబుల్ చూడండి.