ఫోటోలో రెండు గీతలూ ఒకటే, నేల మీద వేరు: వేంపల్లె దగ్గర నా ఫాల్ట్ ఎగిరిపోయింది

సుత్తి_సంచి:
ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి వేంపల్లె, పులివెందుల మధ్య రాతి పొరల్ని కొంత మ్యాప్ చేస్తున్నాను. సెంటినెల్-2 ఉపగ్రహం ఫోటోలో 12, 8, 2 బ్యాండ్లు (వేర్వేరు కాంతి పట్టీల్లో తీసిన చిత్రాలు) కలిపితే వాయవ్యం నుంచి ఆగ్నేయానికి లేత రంగులో రెండు గీతలు పక్కపక్కనే కనిపించాయి. రెండూ పులివెందుల క్వార్ట్‌జైటే (గట్టిపడ్డ ఇసుకరాయి పొర) అనుకున్నా. ఒకే పొర రెండుసార్లు రావాలంటే మధ్యలో ఫాల్ట్ (పొరలు విరిగి జరిగిన పగులు) ఉండాలి కదా, గీసేశాను. చూడ్డానికి భలే ఉండింది.

మొన్న కింది గీత మీదికి ఎక్కి సుత్తితో కొడితే రాయి గాజు పెంకులా పగిలింది. చెర్ట్, అంటే చెకుముకి లాంటి సిలికా రాయి! దాని కింద క్యాబేజీ కోసినట్టు స్ట్రొమాటొలైట్లు (పాతకాలపు సూక్ష్మజీవులు కట్టిన పొరలు). యాసిడ్ వేస్తే పొంగలేదు, మేకుతో గీకి ఆ పొడి మీద వేస్తే అప్పుడు నురగ. అంటే వేంపల్లె డోలమైట్ (సున్నపురాయి లాంటిది). ఫాల్ట్ లేదు, ఏమీ లేదు. మూడు వారాలే టైముంది, మిగతా గీతంతా నడవలేను. ఫోటోలో దేన్ని నమ్మాలి?

పెన్నేటి_ఒడ్డు:
తమ్ముడూ, రంగుని నమ్మొద్దు. రెండూ సిలికానే, ఆ బ్యాండ్లలో తేడా తెలియదు. ఆకారం చూడు. ఇక్కడ పొరలు ఈశాన్యానికి వాలి ఉంటాయి. క్వార్ట్‌జైట్ గుట్టకి నైరుతి వైపు నిటారు అంచు, ఈశాన్యం వైపు ఏటవాలు వీపు ఉంటుంది. చెర్ట్ అయితే వాలులో చిన్న మెట్టు, అంతే. ఇస్రో వాళ్ల భువన్ సైట్‌లో కార్టోడెమ్ (నేల ఎత్తుల డేటా) దింపుకుని నీడ వేసి చూడు.

ఇంకోటి. వాలు 12 డిగ్రీలైతే, చదును నేల మీద 5 మీటర్ల పొర 24 మీటర్ల వెడల్పున పరుచుకుంటుంది. 10 మీటర్ల పిక్సెల్లో రెండు గళ్లు దాటేస్తుంది. సన్న పొర లావుగా కనిపించడం అందుకే.

చీనీతోట:
క్వార్ట్‌జైట్ అడుగున గులకరాళ్ల పొర వెతకండి. కిందున్న వేంపల్లె పొరల నుంచి కొట్టుకొచ్చిన చెర్ట్, జాస్పర్ (ఎర్ర చెర్ట్) ముక్కలు అందులో ఉంటాయి. 188 కోట్ల ఏళ్ల సిల్లు (పొరల మధ్య చేరి గట్టిపడ్డ కరిగిన రాయి) పైనున్న తాడిపత్రి పొరల్లోకి చొరబడింది, అంటే మన పొరలు ఆ సిల్లుకంటే పాతవి. ఆ కాలానికి గవ్వలే లేవు కాబట్టి వాటి శిలాజాలతో ఒకచోటి పొరని ఇంకోచోటి పొరతో జత కలిపే వీలు లేదు, ఇలాంటి గుర్తుపొరలే దిక్కు. గీత పొడవునా నడవక్కర్లేదు, అడ్డంగా కోసే నాలుగు వంకలు పట్టుకుంటే చాలు.

సుత్తి_సంచి:
అన్నా, రెండు వంకలు అయ్యాయి. గులకరాళ్లు దొరికాయి! కానీ ఫోటోలో గీసిన హద్దుకంటే బాగా పైన. రాలిన క్వార్ట్‌జైట్ ముక్కలు డోలమైట్‌ని కప్పేశాయి. రేపు మూడో వంక. యాసిడ్ సీసా అడుగంటింది, ముందు అది నింపుకోవాలి.