హైస్కూల్ కన్నా కాలేజీ లైఫ్ బాగుంటుందన్నారు, నాకేమో అలా అనిపించట్లేదు. నాకొక్కడికేనా?

కౌశిక గట్టు అడిగారు:

అందరికీ నమస్తే అండి. మాది అంబాజీపేట దగ్గర ఊరు. ఇప్పుడు కాకినాడలో బీటెక్ ఫస్టియర్, రెండో సెమిస్టర్. హాస్టల్లో ఉంటున్నాను. అడిగేది చిన్న విషయమే, నవ్వుకున్నా పర్లేదు గానీ సమాధానం మాత్రం చెప్పండి.

టెన్త్‌లో ఉన్నప్పుడు "ఈ ఒక్క ఏడాది కష్టపడరా, తర్వాత కాలేజీయే కదా" అన్నారు. ఇంటర్‌లో చేరాక "ఈ రెండేళ్లు కళ్లు మూసుకో, ఆ తర్వాత నాలుగేళ్లు రాజాలా తిరగొచ్చు" అన్నారు. ఆ రెండేళ్లూ నేను నిజంగానే కళ్లు మూసుకున్నానండి. విజయవాడలో రెసిడెన్షియల్ కాలేజీ, పేరెందుకులెండి. తెల్లారుజామున లేపి స్టడీ అవర్లో కూర్చోబెడితే మళ్లీ రాత్రి పదింటికి లేవడమే. వారానికో పరీక్ష, ఆ మార్కులు ఇంటికి మెసేజ్. సెకండియర్‌లో సంక్రాంతికి ఇంటికి పంపారు గానీ కనుమ నాటికి వెనక్కి వచ్చెయ్యమన్నారు. మా వైపు వాళ్లకి అర్థమవుతుంది ఆ బాధ. కనుమ రోజు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం, భుజాల మీద మోసుకొచ్చే ఎత్తైన మా గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలవ దాటుతుంటే గట్టు మీద నించుని అరవాల్సిన నేను, అదే టైముకి బస్సులో కూర్చుని ఫిజిక్స్ బిట్లు చూసుకుంటున్నాను. పుట్టాక నేను తీర్థానికి వెళ్లనిది ఆ ఒక్కసారే.

సరే, అదంతా అయిపోయింది. ఈఏపీసెట్ రాశాను, మూడు గంటల్లో 160 ప్రశ్నలు, పర్లేదనిపించే ర్యాంకు వచ్చింది, సీటొచ్చింది. తీరా ఇక్కడికొచ్చి చూస్తే ఆ రాజాలా తిరగడం ఎక్కడుందో కనపడట్లేదు. క్లాసులో అరవై మందికి పైనే ఉన్నాం, పేర్లు తెలిసినవాళ్లు పదిమంది ఉంటారేమో. క్లాసు అవగానే ఎవరి ఫోన్ వాళ్లు చూసుకుంటారు. సాయంత్రం గదికొచ్చి పడుకుంటాను.

మా జిల్లా పరిషత్ హైస్కూల్ గుర్తొస్తుంది. ఎనిమిది మందిమి సైకిళ్ల మీద కాలవ గట్టున వెళ్లేవాళ్లం. ఒకడి చైను ఊడితే ఎనిమిది మందీ ఆగాల్సిందే, ఆగాక ఎవరో ఒకరు పక్క తోటలో రాలిన కొబ్బరి పిందెలతో క్రికెట్ మొదలెట్టేవాడు, ఇంకేముంది, ప్రేయర్ అయిపోయేది. దెబ్బలు తిన్నాం, గోడ కుర్చీలు వేశాం, అయినా ఆదివారం వస్తే బోరు కొట్టేది. అలాంటిది కాలేజీలో ఒక్కరోజు కూడా రాలేదు. లోపం నాలో ఉందా, కాలేజీలో ఉందా, లేకపోతే హైస్కూలే అందరికీ బాగుంటుందా? మీకెలా ఉండేదో చెప్పండి.

భీమారం సీనియర్:

తమ్ముడూ, నేను థర్డ్ ఇయర్, భీమవరంలో. సూటిగా చెప్తాను, ఏమనుకోకు. హైస్కూల్లో నువ్వేం చేశావని సరదా వచ్చింది? ఏం చెయ్యలేదు. ఒకే ఊరు, ఒకే గట్టు, అమ్మానాన్నలు కూడా ఒకరికొకరు తెలుసు. ఫ్రెండ్స్‌ని నువ్వు వెతుక్కోలేదు, పుట్టేసరికే ఉన్నారు. ఇక్కడ అలా కుదరదు. ఆ అరవై మందిలో ఎవడికీ నువ్వు ఎవరి అబ్బాయివో తెలీదు.

నేనూ ఫస్టియరంతా నీలాగే గదిలో పడుకున్నాను. అప్పుడు నాకు తెలీని సంగతి ఒకటుంది. మనం ఇంటర్ నుంచి వచ్చినవాళ్లం, ఎవరైనా తిట్టి కూర్చోబెడితే తప్ప ఏ పనీ మొదలెట్టడం రాదు మనకి. ఇక్కడ ఎవరూ తిట్టరు. బెల్లు కొట్టి "పోండి, ఆడుకోండి" అనేవాడూ ఉండడు. నేనైతే సెకండియర్‌లో ఫెస్ట్‌కి స్టేజీ కట్టే పనిలో దూరాను. పాటా రాదు, డాన్సూ రాదు, వైర్లు మోశాను. రాత్రి రెండింటి దాకా వైర్లు మోసినవాళ్లందరూ ఇప్పటికీ నా బ్యాచే.

కానీ సరదా అన్నారు కదా అని లెక్కలు మర్చిపోకు. మన యూనివర్సిటీ రూల్స్ నీకు ఈపాటికి తెలిసే ఉంటాయి, అయినా చెప్తాను. అటెండెన్స్ 75 శాతం ఉండాలి, 65కీ 75కీ మధ్య ఉంటే సరైన కారణం చూపించి ఫీజు కడితే వదులుతారు, 65 దిగితే డిటెయిన్, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే, అంతే. సెమిస్టర్ మధ్యలో పెట్టే మిడ్స్ రెండూ రాయి. ఎక్కువ వచ్చినదాంట్లో 80 శాతం, తక్కువ వచ్చినదాంట్లో 20 శాతం కలుపుతారు, కాబట్టి మొదటిది పోయిందని ఏడవక్కర్లేదు, అలాగని రెండోది ఎగ్గొట్టకూడదు. మా రూమ్మేటు ఫస్టియర్ లెక్కల పేపరు ఎం-వన్ వదిలేసుకుని ఇప్పటికీ దాన్ని మోస్తున్నాడు, జూనియర్లతో కలిసి హాల్లో కూర్చుంటాడు పాపం, వాళ్లేమో "అన్నా, మీరు ఇన్విజిలేటరా" అని అడుగుతారు. బ్యాక్‌లాగ్ ఉంటే ఏ ఫెస్టూ ఎంజాయ్ చెయ్యలేవు. ఇది మాత్రం రాసిపెట్టుకో.

రేవు దాటిన పిల్ల:

ఇక్కడ అందరూ హైస్కూల్ హైస్కూల్ అని పొంగిపోతుంటే నవ్వొస్తోందండి. మగపిల్లల హైస్కూల్ వేరు, మాది వేరు. ఎనిమిదో తరగతి నుంచి మాకు ఆట ఆగిపోయింది. గ్రౌండ్ అబ్బాయిలది, మేము వరండాలో కూర్చుని చూడాలి. నీళ్లు తాగితే బాత్రూంకి వెళ్లాలి, ఆ బాత్రూం సంగతి రాయలేను, అందుకని మధ్యాహ్నం దాకా నీళ్లే తాగేవాళ్లం కాదు. బడి నుంచి సరాసరి ఇంటికి, ఇంటి నుంచి బడికి. సైకిల్ చైను ఊడిందని గట్టు మీద ఆగితే మా ఇంట్లో ఊరుకునేవాళ్లా?

మాది సఖినేటిపల్లి మండలం, అంతర్వేది వైపు. డిగ్రీ నర్సాపురం వై.ఎన్. కాలేజీలో చదివాను. మా ఊరి నుంచి ఆటోలో సఖినేటిపల్లి రేవు, అక్కడ పంటు, అంటే బళ్లనీ మనుషుల్నీ దాటించే పెద్ద పడవ, ఎక్కి గోదారి పాయ వశిష్ట దాటితే నర్సాపురం. వంతెన లేకపోవడం మా ఊళ్లవాళ్లందరికీ కష్టమే, కాదనను, కానీ నా కాలేజీ లైఫ్ మొత్తం ఆ పంటు మీదే జరిగిందంటే నమ్ముతారా? మోటార్ సైకిళ్లు, పాల క్యాన్లు, చేపల బుట్టలు, పెళ్లివాళ్లు, వాళ్ల మధ్యలో మేం ఆరుగురం అమ్మాయిలం. ఒడ్డు వదిలిన దగ్గర్నుంచి అవతలి ఒడ్డు వచ్చేదాకా మమ్మల్ని "ఎక్కడికి, ఎందుకు" అని అడిగేవాళ్లు లేరు. అంతవరకూ అంతసేపు అలా ఉండటం నాకు తెలీదు. పెద్దగా నవ్వితే గాలికి పోయేది. సెమినార్‌కి రాసుకున్నది అక్కడే పైకి చదివి ప్రాక్టీస్ చేసేదాన్ని, ఒకాయన పాల క్యాన్ మీద కూర్చుని మొత్తం విని "బాగా చెప్పావమ్మా, అర్థం కాలేదు గానీ" అన్నారు.

వరదొస్తే పంటు ఆపేసేవాళ్లు. అప్పుడు చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావాలి, అంత డబ్బూ ఓపికా ఉండవు, ఇంట్లోనే ఉండిపోవడం. మా అమ్మ లేసు అల్లేది, మా వైపు చాలా ఇళ్లల్లో అదే పని, నా ఆటో ఖర్చులు అందులోంచే. కాబట్టి తిరగడాలు, సినిమాలు అంటే ఏమీ లేవు. అయినా ఎవరైనా ఏది బాగుంది అని అడిగితే కళ్లు మూసుకుని కాలేజీ అంటాను. మీకు హైస్కూల్లో ముందే దొరికేసింది మాకు కాలేజీలో దొరికింది, తేడా అదేనేమో అనిపిస్తుంది. మీ క్లాసులో అమ్మాయిల్ని అడిగి చూడండి ఒకసారి.

పాత బస్టాండు బాబాయ్:

ఆయ్, నాకూ ఓ మాట చెప్పాలని ఉందండి. మేం అమలాపురంలో చదువుకున్న రోజుల్లో ఫోన్లు లేవు కాబట్టి అంతా స్వర్గం అని చెప్పను, అది ఉత్త అబద్ధం. మొదటి ఏడాది నేనూ ఎవరితో కలవలేదు. డిగ్రీ ఫస్టియర్, 1996. నవంబరు 6న తుఫాను వచ్చింది. కోనసీమలో ఆ రాత్రి చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు, చూడనివాళ్లకి చెప్పినా తెలీదు. తెల్లారేసరికి మా రెండెకరాల తోటలో నిలబడ్డ చెట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కొబ్బరి చెట్టంటే మా ఇంట్లో నెల జీతం కిందే లెక్క. మా నాన్న గట్టు మీద అలా కూర్చుండిపోయారు.

కాలేజీ ఎప్పుడు తెరిచారో కూడా నాకు తెలీదు, నేను వెళ్లలేదు. కొన్నాళ్లకి క్లాసులో నాతో రెండు మాటలకి మించి మాట్లాడని నలుగురు కుర్రాళ్లు సైకిళ్ల మీద మా ఊరు వెతుక్కుంటూ వచ్చారు. ఒకడికి వాళ్ల ఇంటి కప్పే లేచిపోయింది, అయినా వచ్చాడు. మూడు రోజులుండి దుంగలు కోసి, మోసి, దారి చేసి వెళ్లారు. అన్నం మా అమ్మ వండేది, పచ్చడీ మజ్జిగా, అంతే. అందులో ఒకడికి ఇప్పుడు నేను వియ్యంకుణ్ణి. హైస్కూల్ ఫ్రెండ్స్ ఊళ్లోనే ఉన్నారు, మంచివాళ్లే, వాళ్ల తోటలూ పడిపోయాయి కదా, ఎవరి గొడవ వాళ్లది. నేనేమీ పోల్చట్లేదండి. తుఫాను రావాలనీ కోరుకోవట్లేదు. ఆరు నెలలకే కాలేజీ బాగాలేదని తేల్చెయ్యడం మాత్రం తొందర అనిపించింది. మొక్క పాతిన ఏడాదే బొండాలు దింపుతానంటే ఎలా బాబూ.

డిప్లొమా రాజు:

బాబాయ్ గారి తర్వాత రాయడం కష్టం గానీ, చిన్న సంగతి. ఇక్కడ టెన్త్ చదివే పిల్లలెవరైనా చూస్తుంటే వాళ్ల కోసం. ఆ "కళ్లు మూసుకునే రెండేళ్లు" తప్పనిసరేమీ కాదు. నేను పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరాను, మూడేళ్లు డిప్లొమా, తర్వాత ఈసెట్ రాసి బీటెక్ సెకండియర్‌లోకి సరాసరి వెళ్లాను. ఇంటర్ వాళ్లు స్టడీ అవర్లో ఉన్న వయసులో నేను వర్క్‌షాపులో ఆకురాయి పట్టుకుని ఇనప ముక్క చదును చేస్తున్నాను, చేతులు బొబ్బలు, అయినా ఇంటికొచ్చి పడుకునేవాణ్ణి.

అలాగని అంతా తీపి కాదు. తెలుగు మీడియం నుంచి వెళ్లి పదిహేనేళ్లకే ఇంగ్లీషులో ఇంజనీరింగ్ డ్రాయింగ్ అంటే మొదటి మూడు నెలలు ఏడుపే. బీటెక్‌కి వెళ్లాక అక్కడివాళ్లంతా ఏడాది ముందే గ్రూపులు కట్టేసుకుని ఉన్నారు, మేం "లేటరల్ వాళ్లు". ఆ పేరు చివరి దాకా పోలేదు. ఇప్పుడు రొయ్యల మేత ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తున్నాను, ఆ వర్క్‌షాపే తిండి పెడుతోంది.

కౌశిక గట్టు:

అందరికీ థాంక్సండి. ఇన్ని రిప్లైలు వస్తాయనుకోలేదు. రేవు దాటిన పిల్ల గారూ, మీరు చెప్పింది చదివాక మా ఎనిమిది సైకిళ్లలో ఒక్క అమ్మాయి సైకిల్ కూడా లేదని ఇప్పుడు తట్టింది. మా చెల్లి అదే స్కూల్లో తొమ్మిదో తరగతి. నిన్న ఫోన్ చేసి బాత్రూం గురించి అడిగితే "ఇప్పుడెందుకు అడుగుతున్నావు" అని ఎదురు ప్రశ్న వేసింది. తలుపు ఉందట, గడియ లేదట.

సీనియర్ అన్నా, మీరన్నట్టు గదిలోంచి బయటికి వద్దామని నిన్న రాత్రి రూమ్మేటుతో కూర్చుని మాట్లాడాను. ఆర్నెల్ల నుంచి పక్క మంచమే, వాళ్ల ఊరు అనంతపురం దగ్గరని తప్ప ఏమీ తెలీదు. మాటల్లో వాడు గోదారిని దగ్గర్నుంచి ఒక్కసారే చూశానన్నాడు, అది కూడా రాజమండ్రి దగ్గర రైల్లోంచి, నిద్ర మత్తులోనట. ఈ శనివారం మా ఊరు తీసుకెళ్తానన్నాను. యానాం, ఎదుర్లంక వంతెన మీదుగా బస్సయితే ఈజీ, కానీ వాడికి పంటు ఎక్కాలనుంది, మీ పోస్టు చదివి వినిపించాను మరి. కోటిపల్లి వెళ్లి అక్కణ్ణుంచి ముక్తేశ్వరం రేవు దాటుదామనుకుంటున్నాం. ఈమధ్య ఎవరైనా వెళ్లారా? నీళ్లు తక్కువగా ఉంటే పంటు తిరుగుతోందా?

రేవు దాటిన పిల్ల:

గడియ సంగతి హెచ్చెం గారికి మీ నాన్నగారి చేత చెప్పించండి, మీ చెల్లి చేత చెప్పించొద్దు. కోటిపల్లి రేవు సంగతి బయల్దేరే ముందు అక్కడివాళ్లని అడిగి కనుక్కోండి. మేం ఒకసారి ఎండాకాలంలో వెళ్తే పంటు దిగాక ఇసుకలో చాలా దూరం నడిచాం, కాళ్లు కాలిపోయాయి. మీ ఫ్రెండ్‌ని షూస్ కాకుండా చెప్పులు వేసుకోమనండి. సాయంత్రం ఆలస్యం చెయ్యకండి, ఆఖరి పంటు పోతే మళ్లీ యానాం చుట్టూ తిరిగి రావాలి.

భీమారం సీనియర్:

సోమవారం మిడ్ ఉందేమో చూసుకుని వెళ్లరా బాబూ.