కార్టోశాట్ జతతో డిండి వైపు కాంటూర్లు: ఆర్‌పీసీ చాలా, పూర్తి మోడల్ కట్టాలా?

దేవరకొండ_మ్యాపులు:
డిండి రిజర్వాయరు చుట్టుపక్కల చెరువులకు కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) గీద్దామని కార్టోశాట్-1 ఉపగ్రహం స్టీరియో జత (ఒకే చోటును రెండు కోణాల్లో తీసిన రెండు బొమ్మలు) ముందేసుకున్నాను. దాంతో వచ్చిన ఆర్‌పీసీ ఫైలును (నేల మీది చోటు బొమ్మలో ఎక్కడ పడుతుందో చెప్పే రెడీమేడ్ లెక్క) ఉన్నదున్నట్టు వాడి డీఈఎం (నేల ఎత్తుల పటం) తీస్తే చెరువు కట్ట పక్కకు జరిగి పొలాల్లో పడుతోంది, ఎత్తేమో టోపో షీటు కన్నా డెబ్బై మీటర్లకు పైగా తక్కువ. కెమెరా మోడలే తేడానా? కక్ష్య, కోణాలు అన్నీ పెట్టి మొదట్నుంచీ కట్టాలంటే మాత్రం టెన్షనే.

పానగల్_తూము:
ఎత్తుకూ కెమెరాకూ సంబంధం లేదన్నా. ఆర్‌పీసీ ఎత్తు డబ్ల్యూజీఎస్-84 ఎలిప్సాయిడ్ (భూమికి లెక్కతో గీసిన నునుపైన ఆకారం) నుంచి, టోపో షీటుది సముద్రమట్టం నుంచి. మన దగ్గర జియాయిడ్ (నేల కిందకూ పొడిగించిన సముద్రమట్టం) ఆ ఎలిప్సాయిడ్‌కు దాదాపు 75 మీటర్లు కింద ఉంటుంది. ఈజీఎం 2008 అనే జియాయిడ్ మోడల్ ఇచ్చే విలువను మీ ఎత్తులోంచి తీసివేయండి, అది మైనస్ కాబట్టి ఎత్తు పెరగాలి. గుర్తు తిరగబడిందో, తేడా 150 అవుతుంది.

పాలమూరు_పిక్సెల్:
పక్కకు జరగడం గురించి నేను చెప్తా. ఇది మామూలు ఫోటోలా ఒక్క క్లిక్కుతో వచ్చేది కాదు, ఉపగ్రహం కదులుతుంటే గీత తర్వాత గీత పడుతుంది, ప్రతి గీతకూ కెమెరా చోటు వేరే, వాలు వేరే. పైగా ముందు కెమెరా 26 డిగ్రీలు ముందుకు, వెనక కెమెరా 5 డిగ్రీలు వెనక్కు చూస్తాయి, ఒకే చోటును రెండూ చూసేసరికి యాభై సెకన్లు దాటుతుంది. ఆ లెక్కంతా చేసి, దానికి సరిపోయేలా 80 గుణకాలు అమర్చి ఇచ్చిందే ఆర్‌పీసీ. అమరిక బాగానే ఉంటుంది, తేడా దానికి వేసిన కోణాల్లోనే. 618 కిలోమీటర్ల పై నుంచి కోణం ఒక ఆర్క్ సెకను తప్పితే నేల మీద 3 మీటర్లు, ఇక మీరే చూసుకోండి. గుణకాల జోలికి పోకుండా బొమ్మలోనే జరుపుడు సవరణ ఇవ్వండి. ఏమ్స్ స్టీరియో పైప్‌లైన్ సాఫ్ట్‌వేర్ ఉచితమే, ఆర్‌పీసీ జతలను అది తీసుకుంటుంది.

షాద్‌నగర్_బైపాస్:
ఈ డేటా దిగిందీ మా షాద్‌నగర్ స్టేషన్లోనే, అప్పుడది పాలమూరు జిల్లా, కాస్త గర్వపడనివ్వండి. ఆ జరుపుడు ఎంతో తేల్చే కంట్రోల్ పాయింట్లకు (నేల మీద కొలిచి, బొమ్మలో గుర్తుపట్టే చోట్లు) పొలం గట్లు మాత్రం తీసుకోవద్దు. బొమ్మ తీసినప్పటి గట్టు ఇప్పుడు ఉందన్న గ్యారంటీ లేదు, ట్రాక్టరు దున్నేసి ఉంటుంది. కల్వర్టు గోడ మూల, అలుగు చివర, పాత రోడ్ల కూడలి లాంటివి చూడండి. పిక్సెల్ రెండున్నర మీటర్లు కదా, దాని మీద తుమ్మచెట్టు నీడ పడితే ఆ మూల దొరకదు. అన్నీ ఊరి పక్కనే కాకుండా బొమ్మ నాలుగు అంచుల్లో, ఒకటి గుట్ట మీద కూడా ఉండాలి.

దేవరకొండ_మ్యాపులు:
జియాయిడ్‌తో ఎత్తు సర్దుకుంది, థాంక్స్. నాలుగు పాయింట్లకు డీజీపీఎస్ (మామూలు కన్నా కచ్చితమైన జీపీఎస్) రీడింగులు ఉన్నాయి, అఫైన్ సవరణ (జరపడంతో పాటు తిప్పడం, సాగదీయడం కూడా) పెట్టనా? డిండి నీళ్ల మీద మాత్రం గుంతలూ దిబ్బలూ వస్తున్నాయి.

పాలమూరు_పిక్సెల్:
అఫైన్‌కు మూడు పాయింట్లు పోతే సరిచూడ్డానికి ఒక్కటే మిగులుతుంది. ఉత్త జరుపుడు పెట్టి, రెండింటిని చెక్‌కు దాచండి. నీళ్ల మీద యాభై సెకన్లలో అలలూ మెరుపూ మారిపోతాయి, రెండు బొమ్మల్లో ఒకే చుక్కను కలిపే మ్యాచింగ్ కుదరదు. నీళ్ల భాగాన్ని మాస్క్ వేసి మూసేసి, ఒకే మట్టం ఇచ్చేయండి. నల్లమల వైపు వచ్చేది చెట్ల తలల ఎత్తే, నేలది కాదు.

పానగల్_తూము:
కాంటూర్లు ఎంత విరామంతో? ఒక్క పిక్సెల్ మ్యాచింగ్ తప్పితే ఎత్తులో 4 మీటర్లు పోతుంది ఈ జతలో.

దేవరకొండ_మ్యాపులు:
ఒక మీటరు అడిగారు.

పానగల్_తూము:
ఈ బొమ్మలతో రాదన్నా. పరీవాహకం వరకు దీంతో చేసి, కట్ట మీద ఆటో లెవెల్ (ఎత్తు తేడాలు కొలిచే సర్వే పరికరం) పెట్టించండి.