ఏఐ రాసిన సాలిడిటీ కోడ్‌ని సీనియర్ డెవలపర్ లైను లైనూ చదవాలా?

స్లాట్‌సున్నా:
సాలిడిటీలో, అంటే ఇథీరియం కాంట్రాక్టులు రాసే భాషలో, ఒక మామూలు ఈఆర్‌సీ-4626 వాల్ట్ (టోకెన్లు వేసినవాళ్లకి వాటాగా షేర్లు ఇచ్చే కాంట్రాక్టు) ఉందనుకుందాం, 300 లైన్లు. కోడ్ ఏఐదే, టెస్టులూ ఏఐవే. కవరేజీ 100 శాతం, అంటే ప్రతి లైనూ టెస్టుల్లో నడిచింది. కోడ్‌లో లోపాలు వెతికే టూల్ స్లిథర్‌లో పెద్ద హెచ్చరికలేవీ లేవు. ఎవరూ కూర్చుని చదవకుండా దీన్ని మెయిన్‌నెట్‌లో, అసలు డబ్బు తిరిగే నెట్‌వర్క్‌లో, పెట్టొచ్చా? పెట్టకూడదనే అంటాను. జవాబు రాసిన చెయ్యే ప్రశ్నపత్రమూ రాస్తే, కోడ్‌లో తట్టని సంగతి టెస్టులోనూ తట్టదు.

గ్యాస్‌మీటర్:
ఒప్పుకోనండీ. 2016లో డీఏఓ అనే ఇథీరియం నిధిని ముంచిన రీఎంట్రన్సీ (లెక్క సరిచేసేలోపే అదే కాంట్రాక్టుని మళ్లీ పిలిచి డబ్బు లాగడం) లాంటివి ఏఐ ఇట్టే పట్టేస్తుంది. ఓవర్‌ఫ్లో (సంఖ్య హద్దు దాటి తిరిగి సున్నా నుంచి మొదలవడం) అయితే సాలిడిటీ 0.8 నుంచి కంపైలరే ఆపుతోంది. మరి మనుషుల సంగతి? 2023 మార్చిలో ఆయిలర్ అనే అప్పులిచ్చే ప్రోటోకాల్ నుంచి సుమారు 19.7 కోట్ల డాలర్లు పోయాయి. దానికి ఒకటి కాదు, చాలా ఆడిట్లు జరిగాయి. అయినా లోపం దొరకలేదు కదా.

స్లాట్‌సున్నా:
అక్కడ ఏం జరిగిందో చూడండి. తన సొమ్ముని రిజర్వుకి ఇచ్చేసే డొనేట్‌టురిజర్వ్స్ ఫంక్షన్‌లో ఉన్న లైన్లన్నీ సరైనవే. తాకట్టు తగ్గాక ఖాతా ఇంకా అప్పుకి సరిపోతుందా అని చూసే చెక్ మాత్రం లేదు. దాడి చేసినవాళ్లు తమ ఖాతాని తామే దివాలా తీయించి, ఇంకో ఖాతాతో డిస్కౌంట్‌కి లిక్విడేట్ చేసుకున్నారు, అంటే అప్పుని తీసుకుని తాకట్టుని తక్కువకి దక్కించుకున్నారు. లేని లైనుకి కవరేజీ లెక్క ఉండదు.

మన వాల్ట్‌లోనూ అంతే. టోటల్ అసెట్స్‌ని (వాల్ట్‌లో ఉన్న మొత్తం సొమ్ముని) నేరుగా బ్యాలెన్స్ నుంచి తీసుకుంటే చాలు, దాడికి దారి దొరుకుతుంది. డాలర్‌తో ముడిపడ్డ టోకెన్ యూఎస్‌డీసీకి 6 దశాంశాలు, అంటే 1 యూఎస్‌డీసీ 10 లక్షల యూనిట్లు. దాడిచేసేవాడు మొదట 1 యూనిట్ వేసి 1 షేర్ తీసుకుంటాడు. తర్వాత డిపాజిట్ పిలవకుండా 10,000 యూఎస్‌డీసీ వాల్ట్‌కి ట్రాన్స్‌ఫర్ చేస్తాడు. వెనకే వచ్చినవాడు 10,000 వేస్తే అతని వాటా 10,000,000,000 × 1 ÷ 10,000,000,001. కింది అంకెకి కుదిస్తే సున్నా. అంటే మొత్తం 20,000 ఆ ఒక్క షేర్‌వే. "100 వేశాం, 100 తీశాం" అనే టెస్టు మాత్రం పచ్చగానే ఉంటుంది.

ఇన్వేరియంట్:
దీన్ని చదివే పట్టుకోనక్కర్లేదు, ఫౌండ్రీ అనే టూల్‌లోని ఇన్వేరియంట్ టెస్టుకీ (ఫంక్షన్లని ఇష్టమొచ్చిన వరసలో పిలుస్తూ ఒక నియమం విరుగుతుందేమో చూసే టెస్టుకీ) దొరుకుతుంది. కానీ ఆ టెస్టు పిలిచే ఫంక్షన్లుండే హ్యాండ్లర్‌లో డిపాజిట్, విత్‌డ్రా రెండే ఉంటే ఎన్ని రన్‌లు వేసినా దొరకదు. వాల్ట్‌కి నేరుగా టోకెన్లు పంపే ఫంక్షన్ ఒకటి చేర్చాలి. అప్పుడు "డబ్బు వేసినవాడికి సున్నా షేర్లు రాకూడదు" అన్న నియమం విరిగి చూపిస్తుంది. మందు ఓపెన్‌జెప్పెలిన్ లైబ్రరీ లెక్కలో కలిపే వర్చువల్ (ఊహా) షేర్లలో ఉంది. ఆ షేర్ల సంఖ్యని నిర్ణయించే డెసిమల్స్ ఆఫ్‌సెట్ పెంచేకొద్దీ దాడి ఖర్చు పెరుగుతుంది.

గ్యాస్‌మీటర్:
ఇది ఒప్పుకుంటాను. అయితే నియమాలు మనిషి రాస్తే సరిపోతుంది, హ్యాండ్లర్లు ఏఐ రాస్తుంది. లైను లైనూ చదవడం ఇంకా దేనికి?

ప్రాక్సీకాపలా:
అప్‌గ్రేడ్ కోసం. అక్కడ డేటా ప్రాక్సీ అనే కాంట్రాక్టులోనే ఉండిపోతుంది, కోడ్ మాత్రమే మారుతుంది. ఆ డేటా స్లాట్లనే 32 బైట్ల గదుల్లో ఉంటుంది. మొదటి వెర్షన్‌లో ఓనర్ అడ్రస్ స్లాట్ 0, మొత్తం అప్పు స్లాట్ 1, పాజ్ బూలియన్ (కాంట్రాక్టు ఆపి ఉందా లేదా అనే గుర్తు) స్లాట్ 2. గ్యాస్ తగ్గించమంటే ఏఐ పాజ్‌ని ఓనర్ పక్కకి జరుపుతుంది. 20 బైట్లూ 1 బైటూ ఒకే స్లాట్‌లో ఇమిడిపోతాయి, ప్యాకింగ్ పాఠం ప్రకారం తప్పేమీ లేదు. కానీ ప్రాక్సీ స్టోరేజీలో పాత విలువ స్లాట్ 2లోనే ఉండిపోయింది. కొత్త చోట ఉన్నది సున్నా. ప్రమాదంలో పాజ్ చేసిపెట్టిన కాంట్రాక్టు అప్‌గ్రేడ్ కాగానే తెరుచుకుంటుంది. టెస్టులు కొత్తగా డిప్లాయ్ చేసి నడుస్తాయి కాబట్టి ఒక్కటీ ఎర్రబడదు. ఫౌండ్రీలోని ఫోర్జ్ ఇన్‌స్పెక్ట్ కమాండ్‌తో రెండు వెర్షన్ల స్టోరేజ్ లేఅవుట్లూ తీసి పోల్చాలి, మెయిన్‌నెట్ ఫోర్క్ (నకలు) మీద అసలు ప్రాక్సీకే అప్‌గ్రేడ్ నడిపి పాత విలువలు సరిచూడాలి.

గ్యాస్‌మీటర్:
ఆ పోలిక కూడా సీఐలో (కోడ్ మారిన ప్రతిసారీ తనంతట తానే నడిచే చెక్కుల్లో) పెట్టేయొచ్చు కదండీ.

స్లాట్‌సున్నా:
పెట్టాలి కూడా. కానీ పోలికలో తేడా వస్తే, అది చివర్లో చేర్చిన కొత్త వేరియబులా, మధ్యలో జరిగిన పాతదా అని చూసి సంతకం పెట్టేది మల్టీసిగ్‌లో (పలువురు సంతకం పెడితేనే కదిలే ఖాతాలో) తాళంచెవి ఉన్న మనిషే. ఆ డిఫ్‌ని చదవకుండా నేను సంతకం పెట్టను.