బెజవాడ టిఫిన్ హోటళ్ళలో ఫోన్‌తో ఫోటోలు తీసేవాళ్ళు ఎవరన్నా ఉన్నారా, కాస్త సాయం కావాలి

సత్యనారాయణపురం_సైకిల్:

అందరికీ నమస్తే. మా వీధి చివర ఒక చిన్న టిఫిన్ హోటల్ ఉండేది, లోపల నాలుగు బల్లలు, బయట ఒక పెనం, బోర్డు కూడా లేదు, మేమందరం తాతగారి హోటల్ అనేవాళ్ళం. నా చిన్నప్పట్నుంచీ ఆదివారం అంటే అక్కడ పెసరట్టే. పోయిన దసరా అయిన కొన్నాళ్ళకి తాతగారు పోయారు, వాళ్ళబ్బాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం, షాపు ఖాళీ చేసేశారు, ఇప్పుడక్కడ మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. ఆ రోజు రాత్రి ఫోన్ తీసి వెతికితే ఆ హోటల్‌వి నా దగ్గర 150 పైన ఫోటోలున్నాయి, అన్నీ పళ్ళెంలో అట్టువే. అట్టు, అల్లం పచ్చడి, మళ్ళీ అట్టు, అల్లం పచ్చడి. ఒక్కదాంట్లో మటుకు మూలన ఆయన చెయ్యి పడింది, అట్లకాడ పట్టుకుని, బొటనవేలికి పిండి అంటుకుని ఉంది. మొహం ఎక్కడా లేదు. ఇన్నేళ్ళు తిన్నాను, ఒక్క ఫోటో తీసుకోలేకపోయానే అని చాలా రోజులు నిద్ర పట్టలేదు.

అందుకని సంక్రాంతి తర్వాత నుంచి ఆదివారాలు పొద్దున్నే సైకిల్ వేసుకుని గాంధీనగరం, గవర్నర్‌పేట, వన్‌టౌన్ తిరుగుతున్నా, పాత హోటళ్ళు, బళ్ళు, అక్కడ పనిచేసేవాళ్ళు, తినేవాళ్ళు అందరివీ తీద్దామని. రెండు చోట్ల ఆగిపోతున్నా. ఒకటి, ఫోటోలు సరిగ్గా రావట్లేదు, తెల్లారకముందు లైట్ల కింద తీస్తే అడ్డంగా నల్ల చారలు పడుతున్నాయి, మొహాలు పచ్చగా వస్తున్నాయి, ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు ఆ ఆవిరి కంటికి ఎంత బాగుంటదో, ఫోటోలో మాత్రం తెల్ల మసకలాగ ఉంటది.

రెండోది పోయిన ఆదివారం జరిగింది. ఒక హోటల్లో పెనం దగ్గర నిలబడి తీస్తుంటే కౌంటర్లో ఉన్నాయన గట్టిగా అరిచారు, ఎవరు పంపారు నిన్ను, యూట్యూబా అని. తినేవాళ్ళంతా తలెత్తి చూశారు. ఫోటోలు ఆయన ముందే డిలీట్ చేసి వచ్చేశా. ఎలా అడగాలి, ఎప్పుడు అడగాలి, అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

లబ్బీపేట_లెన్స్:

తమ్ముడూ, మొదటిదానికి నేను చెప్తాను. నల్ల చారలు నీ ఫోన్ తప్పు కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్, దానికి చవక ఎల్ఈడీ, పాత ట్యూబ్‌లైటు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి, కంటికి తెలీదు, కెమెరాకి తెలుస్తది. కెమెరాలో ప్రో మోడ్, అంటే సెట్టింగులు మనమే మార్చుకునేది, ఉంటే షట్టర్ వేగం సెకనులో 1/50 వంతు గాని 1/100 వంతు గాని పెట్టు, చారలు పోతాయి. అట్టు తిరగేసే చెయ్యి 1/50లో కదిలినట్టు వస్తది, నాకైతే అదే ఇష్టం, పని చేస్తున్న చెయ్యి కదలాలిగా.

మొహాలు పచ్చగా రావడం ఎందుకంటే లోపల ఒక రంగు లైటు, బయట తెల్లారే ముందు నీలంగా ఇంకో వెలుతురు, రెండూ కలిస్తే ఫోన్‌కి ఏది తెలుపో అర్థం కాదు. ఒక అరగంట ఆగి గుమ్మం వెలుతురుతో తీయి. జనవరిలో మనకి సూర్యుడొచ్చేది 6:40 ఆ ప్రాంతంలో, మే నెలలో అయితే 5:40కే వచ్చేస్తాడు, దాన్నిబట్టి బయల్దేరు.

ఆవిరి సంగతి. వెలుతురు నీ వెనకనుంచి వస్తే ఆవిరి చచ్చినా కనపడదు. ఆవిరికి అవతల గుమ్మమో కిటికీయో పక్కవాటంగా ఉండాలి, ఆవిరి వెనక గోడ నల్లగా ఉండాలి, వంటిల్లు పొగచూరిన గోడ అయితే మరీ మంచిది. స్క్రీన్ మీద ఇడ్లీ పాత్ర దగ్గర వేలు నొక్కిపట్టు, ఫోకస్ లాక్ అవద్ది, తర్వాత వేలు కిందకి లాగి వెలుతురు కొంచెం తగ్గించు. మూత తీశాక నీకు దొరికేది మూడు నాలుగు సెకన్లే, ముందే రెడీగా ఉండాలి. ఫ్లాష్ మాత్రం వద్దు, ఆవిరి మీద కొడితే తెల్ల ముద్ద, పైగా కాగే నూనె దగ్గర ఉన్నమనిషి ఉలిక్కిపడితే ఎంత ప్రమాదం.

ఇంకోటి, ఏసీ గదిలోంచి ఫోన్ తీసుకుని సరాసరి బయటకొస్తే మన ఊరి ఉక్కకి లెన్స్ మీద చెమ్మ పడద్ది, పది నిమిషాలు జేబులో ఉంచు. బాండీ పక్కన నిలబడ్డాక నూనె తుంపర కూడా పడద్ది, ప్రతిసారీ కాటన్ గుడ్డతో తుడువు. సగం మసక ఫోటోలకి కారణం అదే.

వన్‌టౌన్_వాసి:

ఎక్కడ తిరగాలో నేను చెప్తానండి. కాళేశ్వరరావు మార్కెట్ వైపు పొద్దున్నే వెళ్ళండి, అయ్యదేవర కాళేశ్వరరావు గారు 1956లో ఆంధ్రప్రదేశ్ మొదటి స్పీకరు, ఆయన పేరే అది. కూరగాయల మూటలు దించి హమాలీలు టీ తాగే టైము ఉంటది చూడండి, అప్పుడు గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని ఊదుకుంటా నిలబడతారు, అంత నిదానం మళ్ళీ రోజంతా దొరకదు. తర్వాత గాంధీనగరం రండి, బాబాయ్ హోటల్లో ఇడ్లీ మీద వెన్న వేస్తారు గదా, పళ్ళెం బల్ల మీద పెట్టగానే వెన్న అంచులు మెత్తబడి జారడం మొదలవుద్ది, ఆ క్షణమే తీయాలి, లేటైతే వెన్న లేదు, తడి ఇడ్లీ మిగులుద్ది. అక్కడ రద్దీ ఎక్కువ, మీ వెనక నిలబడ్డవాళ్ళని చూసుకోండి, ఒక ఫోటో తీసి తినేసి లేవండి.

సాయంత్రం అయితే పునుగుల బళ్ళు. బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల దీపాలు పెట్టే వేళకి ఆకాశం ఇంకా కొంచెం నీలంగా ఉంటది, బండి మీద బల్బు పసుపు, పైన నీలం, ఆ పావుగంట వదలొద్దు. ప్రకాశం బ్యారేజి మీదకి వెళ్తే గుర్తుపెట్టుకోండి, సూర్యుడు మునిగేది నీళ్ళు నిలవున్న వైపు, పొద్దున వచ్చేది దిగువన ఇసుక వైపు. 1957 నాటి బ్యారేజి, 70 గేట్లు, అన్నీ ఒకే ఫోటోలో పట్టాలని చూస్తే దూరంగా గీతలాగ వస్తది, ఒక ఖానాకి ఆనుకుని నిలబడ్డ మనిషిని పెట్టుకుని తీస్తే దాని ఎత్తు తెలుస్తది.

రోహిణి కార్తెలో మాత్రం పది దాటాక తిరగొద్దు, ఫోన్ వేడెక్కి కెమెరా ఆగిపోద్ది, మీకు వడదెబ్బ.

సత్యనారాయణపురం_సైకిల్:

లెన్స్ అన్నా, 1/100 పెట్టి ఇంట్లో ట్యూబ్‌లైటు కింద చూశా, చారలు పోయాయి! వాసి గారూ ఈ ఆదివారం మార్కెట్‌కే వెళ్తా. రెండో ప్రశ్న ఎవరన్నా చెప్తే బాగుండు, అదే నన్ను ఎక్కువ బాధపెడుతోంది.

కృష్ణలంక_అక్క:

నేను చెప్తాను తమ్ముడూ, నాది ఇటువైపు కాదు, బండి అటువైపు. మా అమ్మ పద్దెనిమిదేళ్ళుగా పునుగుల బండి పెడుతోంది, నేను చదువుకుంది ఆ డబ్బులతోనే.

ఆయన ఎందుకు అరిచాడో నాకు తెలుసు. రెండేళ్ళ కిందట ఒకబ్బాయి మా బండి దగ్గర వీడియో తీసుకున్నాడు, అడగలేదు, అమ్మ చెమట తుడుచుకుంటున్నప్పుడు తీశాడు. అది పెట్టాక కింద జనం ఏమేం రాశారో చదివి అమ్మ రెండు రోజులు బండి పెట్టలేదు. నూనె గురించి రాశారు, చేతుల గురించి రాశారు. తెల్లారుజామున నాలుగింటికి లేచి పిండి రుబ్బుకునే మనిషి ఆవిడ, నూనె ఏ రోజుకారోజు మారుస్తది, అది వీడియోలో కనపడదు గదా. అప్పట్నుంచి ఎవరు ఫోన్ ఎత్తినా అమ్మ చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంటది. కాబట్టి ఆయన అరిచింది నీ మీద కాదు, నీకంటే ముందు వచ్చినవాళ్ళ మీద.

ఎప్పుడు అడగాలంటే, పొద్దున టిఫిన్ అయితే పదిన్నర దాటాక, రద్దీ పోయి మాస్టర్లు కూర్చుని టీ తాగేటప్పుడు. ముందు తిను, డబ్బులిచ్చెయ్, అప్పుడు ఫోన్ జేబులోనే ఉంచుకుని అడుగు. ఎందుకు తీస్తున్నావో ఉన్నదున్నట్టు చెప్పు, ఆ తాతగారి సంగతి మాకు చెప్పావే, అట్లాగే చెప్పు. నెట్‌లో పెడతావా లేదా అది కూడా ముందే చెప్పు. వద్దంటే సరేనండి అని ఇంకోరోజు తినడానికి వెళ్ళు, ఫోటో మాట ఎత్తకుండా. ఓనర్ సరే అన్నాడని పెనం దగ్గర మనిషిని అడక్కుండా తీయొద్దు, గిన్నెలు కడిగే ఆవిడనీ అడగాలి, ఆవిడ మొహం ఆవిడిది.

పోయినేడు మా వీధిలోనే ఉండే కాలేజీ పిల్ల వచ్చి నాలుగు సాయంత్రాలు ఊరికే తిని వెళ్ళింది, ఐదో రోజు అడిగింది, పిన్నీ నీ ఫోటో తీసుకోనా అని. అమ్మ నిన్నటి చీర కట్టుకున్నా, రేపు రా అంది. మర్నాడు పెట్టెలోంచి మంగళగిరి చీర తీసి కట్టుకుని బండి దగ్గర నిలబడింది, ఆ నూనెలో, నేను వద్దన్నా వినలేదు. ఆ పిల్ల వారం తిరక్కుండా ఫోటో కడిగించి తెచ్చిచ్చింది, పోస్టుకార్డంత. అందులో అమ్మ కుడిచెయ్యి మీద కాలిన మచ్చలు కనిపిస్తాయి, చిల్లుల గరిట ఎత్తి పట్టుకుని నూనె కారనిస్తోంది, నవ్వట్లేదు, పునుగుల రంగు చూసుకుంటోంది. ఇప్పుడు దేవుడి పటాల పక్కన ఉంటది ఆ ఫోటో. నువ్వు కూడా ప్రింట్ తీయించి ఇవ్వు తమ్ముడూ, స్టూడియోలో పెద్ద ఖర్చేం కాదు. వాట్సాప్‌లో పంపితే ఫోన్ మారినప్పుడు పోద్ది.

బ్రాడీపేట_బాబు:

గుంటూరు నుంచి ఒక మాట. శంకర్ విలాస్ సెంటర్ అంటే మాకు హోటల్ పేరే సెంటర్‌కి, బ్రిడ్జికి కూడా వచ్చింది, రైలు పట్టాల మీదుగా రోజూ ఆ బ్రిడ్జి ఎక్కి కాలేజీకి వెళ్ళినవాణ్ణి, కొట్టేసే పని మొదలయ్యాక గాని ఒక్క మంచి ఫోటో తీసుకోలేదని తట్టలేదు. అందుకే మీ పోస్టు చదవగానే రాయాలనిపించింది. ఆ సెంటర్లో ఇప్పుడు ఉన్నవి ఉన్నట్టు తీస్తున్నా, టీ కొట్టు, బజ్జీల బండి, రోడ్డు దాటే జనం, అన్నీ. మిర్చి సీజన్లో యార్డు వైపు కూడా ఒకసారి రండి, ఘాటుకి కళ్ళు మండుతాయి, మూతికి తడిగుడ్డ కట్టుకోండి, నేను తోడొస్తా.

సత్యనారాయణపురం_సైకిల్:

అక్కా, మీరు చెప్పినట్టే చేశాను. అదే హోటల్‌కి వెళ్ళా, పదకొండు అవుతుంది, రద్దీ లేదు. ఇడ్లీ తిని డబ్బులిచ్చి ఆయనతో తాతగారి సంగతి మొత్తం చెప్పాను. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ఏ వీధిలో హోటల్ అని అడిగి, పెసరట్టులో జీలకర్ర ఎక్కువ వేసేవాడు ఆయనేనా, మేమిద్దరం ఒకే మాస్టర్ దగ్గర పని నేర్చుకున్నాం అన్నారు. నాకు గొంతు పట్టేసింది.

లోపలికి పిలిచి పెనం దగ్గర మాస్టర్‌ని ఆయనే అడిగారు, ఇష్టమేనా అని. గుమ్మం పక్కవాటంగా ఉండేట్టు నిలబడి ఎనిమిది ఫోటోలు తీశా, రెండు బాగా వచ్చాయి. ఒకదాంట్లో మాస్టర్ పెనం మీద నీళ్ళు చిలకరించి చీపురుతో తుడుస్తున్నాడు, ఆవిరి మొత్తం మొహం దాకా లేచింది, కళ్ళు సగం మూసుకున్నాడు. ఇంకోదాంట్లో కౌంటర్ ఆయన చిల్లర లెక్కపెడుతున్నారు, కళ్ళజోడు ముక్కు చివరన ఉంది. నెట్‌లో పెట్టనని మాటిచ్చా కాబట్టి ఇక్కడ చూపించలేను. రెండూ రెండేసి కాపీలు ప్రింట్‌కి ఇచ్చాను, గురువారం వస్తాయి.