బొమ్మరింటి అలమరలోని చిన్న పుస్తకాలు సరిగ్గా మూసుకోవాలంటే ఏం చేయాలి?

ప్రశ్న (నెల్లూరు)

సంక్రాంతి కొలువులో పెట్టడానికి మా అమ్మాయి కోసం అడుగుకు అంగుళం లెక్కన ఒక బొమ్మరిల్లు కడుతున్నాను. మంచం, ఉయ్యాల, వంటగది పూర్తయ్యాయి కానీ పుస్తకాల అలమర దగ్గర పని ఆగిపోయింది. ఎనిమిదిన్నర అంగుళాల పుస్తకం ఈ కొలతకు 18 మిల్లీమీటర్ల ఎత్తుంటుందని లెక్క వేసి, జిరాక్సు కాగితంతో 20 ఆకులు కుట్టాను. అది మూసుకోకుండా విసనకర్రలా విచ్చుకుని నిలబడుతోంది. లోపల ముద్రించిన అక్షరాలు కూడా అలుక్కుపోయాయి. అనుభవమున్నవారు దారి చూపగలరు.

జవాబు (ఒంగోలు)

నేను చాలాకాలం బైండింగ్ పని చేశాను. మీ కుట్టులో తప్పు లేదండీ, చిక్కంతా కాగితంలోనే ఉంది. పుస్తకం పొడవు, వెడల్పులను 12 రెట్లు తగ్గించారు కానీ కాగితం మందం తగ్గలేదు. 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాములు తూగే) జిరాక్సు కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు ఉంటుంది; బొమ్మల లోకంలో అది 1.2 మిల్లీమీటర్ల అట్టతో సమానం. అట్టలను ఆకులుగా కుట్టిన పుస్తకం ఎలా మూసుకుంటుంది?

మందుల పెట్టెల్లో మడిచి పెట్టే పలుచని సమాచార పత్రాలను దాచుకుని, వాటితో పది పన్నెండు ఆకులకు మించకుండా కుట్టండి. కాగితాన్ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి వంచి చూసి, ఏ వైపు తేలికగా వంగుతుందో ఆ వైపే వెన్ను మడత వచ్చేలా కత్తిరించడం అన్నిటికన్నా ముఖ్యం. ఈ జాగ్రత్త తప్పితే ఎంత పలుచని కాగితమైనా ఎదురు తిరుగుతుంది. జిగురు వెన్నుకు మాత్రమే పలుచగా రాసి, రాత్రంతా బరువు కింద ఉంచి, ఆరాక కొత్త బ్లేడుతో అంచులు కోయండి.

మన లిపిలో వత్తులు, గుడులు ఉన్నందున 2 పాయింట్ల ముద్రణలో అవి పూడిపోతాయి. తెరిచి ఉంచే ఒక్క పుటలో 4 పాయింట్లతో రెండు మూడు పంక్తులు చాలు. అలమరలోనివన్నీ తెరుచుకోవలసిన పని కూడా లేదు. మూడు నాలుగు కుట్టి, మిగిలినవి చెక్కముక్కలకు గుడ్డ అతికించి చేయండి. మీ జిల్లాలోనే ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసేవారిని అడిగితే తునకలు దొరకవచ్చు.

జవాబు (కందుకూరు)

మీ అలమరలో ఒక తాటాకు పుస్తకం కూడా ఉండాలని నా కోరిక. దాని ఆకులను మడవనవసరం లేదు కనుక, పై జవాబులో చెప్పిన చిక్కు దీనికి చాలావరకు ఉండదు. అడుగున్నర పొడవు గ్రంథం మీ కొలతకు ఒకటిన్నర అంగుళమవుతుంది. వెడల్పు 3 మిల్లీమీటర్లు చాలు. లేత తాటాకును పసుపు నీళ్లలో ఉడికించి, నీడలో ఆరబెట్టి, ముక్కలుగా కోసి, సూదితో రంధ్రం చేసి దారం గుచ్చండి. పైన, కింద సన్నని చెక్కపలకలు పెట్టండి. గంటానికి బదులు సూదిమొనతో గీసి దీపపు మసి అద్దితే గీతలు నల్లగా తేలతాయి.

ప్రశ్న అడిగినవారు (నెల్లూరు)

ఇద్దరికీ కృతజ్ఞతలు. మరొక్క సందేహం: ఇక్కడ కార్తీకంలో వానలు పట్టుకుంటే ఇంట్లో కాగితాలకు బూజు పడుతుంది. మైదా జిగురులో మైలుతుత్తం కలపవచ్చా?

జవాబు (ఒంగోలు)

పెద్ద పుస్తకాలకు మేము కలిపేవాళ్లం. కానీ అది విషం, ఇవి పిల్లలు నోట్లో పెట్టుకునేంత చిన్న వస్తువులు, కలపవద్దు. మైదా మానేసి ఫెవికాల్ వాడండి, పూర్తిగా ఆరాకే అలమరలో పెట్టండి.