కజకిస్థాన్‌లోని అల్మాటీలో ప్రజారోగ్య కోర్సు: రెండు రకాలు కనిపిస్తున్నాయి, ఏది ఎంచుకోవాలి?

ప్రశ్న: బీడీఎస్ పూర్తి చేశాను. ప్రజారోగ్యంలో పీజీ చేయాలని ఉంది. కజకిస్థాన్ కోర్సుల్లో శానిటరీ డాక్టర్ల చదువు ఒకటి, ప్రజారోగ్య మాస్టర్స్ ఒకటి కనిపించాయి. రెండూ ఒకటేనా?

జవాబు: కాదమ్మా, మీకు కావలసింది రెండోది. మొదటిది సోవియట్ కాలపు ఏర్పాటు. బడి చదువు కాగానే చేరాలి. తాగునీరు, క్యాంటీన్లు, ఫ్యాక్టరీల్లో దుమ్ము, అంటువ్యాధులు తనిఖీ చేసే డాక్టర్లను అది తయారు చేసేది. ఆ చదువును తక్కువ చేయకండి. అక్కడి ఎడారుల్లో ప్లేగు ఇప్పటికీ జెర్బిల్ అనే ఎలుకల్లో ఉంది. నిఘా సిబ్బంది బొరియల దగ్గర వాటిని పట్టి, ఒంటి మీద ప్లేగును మోసే సన్న పురుగులను (ఫ్లీలను) దువ్వి తీసి ప్రయోగశాలకు పంపుతారు. ఎంత ఓపిక కావాలో చూడండి!

కానీ గుండెజబ్బు, పొగాకు, మద్యం తనిఖీకి లొంగేవి కావు. 1991లో స్వాతంత్ర్యం వచ్చాక ఆ దేశంలో సగటు ఆయుర్దాయం పడిపోయింది. ఎవరు, ఎందుకు చనిపోతున్నారో లెక్కలతో తేల్చేవాళ్లు, ఉన్న డబ్బును ఎక్కడ ఖర్చుపెట్టాలో చెప్పేవాళ్లు అవసరమయ్యారు. ప్రాథమిక ఆరోగ్యంపై 1978 నాటి ప్రపంచ ప్రకటన వెలువడిన అల్మాటీలోనే, 1997లో ప్రజారోగ్య పాఠశాల పెట్టారు. 2010లో దేశం బొలోన్యా ప్రక్రియలో, అంటే ఉన్నత చదువులను ఒకే తీరుకు తెచ్చే ఐరోపా దేశాల ఒప్పందంలో చేరింది. బ్యాచిలర్, మాస్టర్స్, పీహెచ్‌డీ అనే వరుస ఆ పద్ధతిదే.

ప్రశ్న: ధన్యవాదాలండీ. రష్యన్ రాకపోతే కష్టమా?

జవాబు: రాజధాని ఆస్తానాలోని నజర్బాయెవ్ విశ్వవిద్యాలయంలో బోధన ఇంగ్లిష్‌లోనే. మిగతా చోట్ల చేరే ముందే రాతపూర్వకంగా అడగండి. ఊళ్లలో సర్వేకు వెళ్తే మాత్రం రష్యన్ గానీ కజఖ్ గానీ తప్పదు. మొదటి నెల నుంచే నేర్చుకోండి.

మరో సభ్యుడు: మా అబ్బాయికి నీట్‌లో ర్యాంకు సరిగా రాలేదు. ఆ శానిటరీ కోర్సు ఎంబీబీఎస్‌తో సమానమని ఏజెంట్ అంటున్నాడు, నిజమేనా?

జవాబు: దయచేసి నమ్మకండి. విదేశీ వైద్య డిగ్రీ మన దేశంలో చెల్లాలంటే, జాతీయ వైద్య కమిషన్ 2021 నిబంధనల ప్రకారం ఇంగ్లిష్‌లో కనీసం 54 నెలల వైద్య విద్య, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలి. చదివిన దేశంలో వైద్యం చేసే అర్హత కూడా రావాలి. శానిటరీ డాక్టరు పని తనిఖీ, నివారణ. రోగికి మందు రాసే చదువు కాదది. డబ్బు కట్టకముందే, ఆ డిగ్రీతో అక్కడ రోగులకు చికిత్స చేసే లైసెన్సు వస్తుందో లేదో విశ్వవిద్యాలయం నుంచే లేఖ తెప్పించుకోండి. ఏజెంట్ ఇచ్చే లేఖ చాలదు.